సిరప్ మార్చే ముందు స్పేసర్ పట్టే తీరు చూడండి

పిల్లల్లో వారాల తరబడి తగ్గని దగ్గు గురించి మీ వ్యాసంలో బాగానే రాశారు గానీ, ఇన్‌హేలర్‌ని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. తిప్పలన్నీ అక్కడే. తెల్లవారుజామున, పరుగెత్తినప్పుడు దగ్గు, పిల్లికూతలు ఉంటే డాక్టర్ ఉబ్బసం అనుమానించి ఇన్‌హేలర్ రాస్తారు. 'పనిచెయ్యలేదండీ' అనే ఇళ్లలో చాలాసార్లు లోపం మందుది కాదు, వాడే తీరుది.

ముందు ఇన్‌హేలర్ బాగా ఊపి, స్పేసర్‌కి, అంటే మందును కాసేపు పట్టి ఉంచే ప్లాస్టిక్ గొట్టానికి, తగిలించాలి. దాని చివరనున్న మాస్కు బిడ్డ ముక్కూ నోరూ కప్పి, సందు లేకుండా ఆనాలి. ఒక్క పఫ్ నొక్కి, బిడ్డ మామూలుగా అయిదారుసార్లు ఊపిరి తీసుకునేదాకా పట్టుకోవాలి. రెండోది రాసుంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి నొక్కాలి. రెండూ ఒకేసారి నొక్కితే మందు స్పేసర్ గోడలకే అంటుకుపోతుంది. ఏడుస్తుంటే లోపలికి వెళ్లేది తక్కువే. ఇన్‌హేలర్‌లో మందు స్టెరాయిడ్ అయితే నోరు పుక్కిలించి ఉమ్మించండి. స్పేసర్‌ని గిన్నెల సోపు నీళ్లలో కడిగి అలాగే ఆరబెట్టండి. గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి మందును లాగేసుకుంటుంది.

అయిదేళ్లలోపు పిల్లలకి దగ్గు సిరప్ సొంతంగా కొనొద్దు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసిన సిరప్ తాగి, కిడ్నీలు పాడై పిల్లలు చనిపోయారు. తేనె అర చెంచా ఇవ్వొచ్చు, ఏడాది నిండాకే.

రెండు వారాలు దాటిన దగ్గుకి జ్వరమో, బరువు తగ్గడమో తోడైతే టీబీ పరీక్ష చేయించాలి. ఆడుకుంటూనో తింటూనో ఉండగా, ఉన్నట్టుండి మొదలైన దగ్గయితే ఆ సంగతి డాక్టర్‌కి తప్పక చెప్పండి. ఊపిరి గొట్టంలో ఇరుక్కున్న పల్లీ గింజ ఎక్స్‌రేలో కనిపించదు.