వాణిజ్య వీధుల ఉమ్మడి నిధి రెండో పన్ను కాదు

ఒక వాణిజ్య ప్రాంతంలోని వ్యాపారులంతా ఏటా కొంత రుసుము చెల్లించి, ఆ సొమ్ముతో తమ వీధులను తామే బాగుచేసుకునే ఏర్పాటు అనేక దేశాల్లో ఉంది. దాన్ని బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, క్లుప్తంగా బిడ్ అంటారు. ఇది పేరు మార్చిన రెండో పన్ను అనీ, పురపాలక సంఘం చేయవలసిన పనిని వ్యాపారుల నెత్తిన రుద్దడమేననీ, పెత్తనమంతా పెద్ద సంస్థలదేననీ, నేరాలను పక్క వీధికి తరమడం తప్ప ఒరిగేదేమీ లేదనీ, కావాలనుకున్నవారు చందాలు వేసుకుంటే చాలుననీ ఒక వాదన విస్తృతంగా ప్రచారమవుతోంది.

చందాల మాటనే ముందు చూద్దాం, ఎందుకంటే ఈ పద్ధతి పుట్టిందే చందాలు చాలని చోట. టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు 1960లలో కొత్త షాపింగ్ మాల్స్ వల్లా, భూగర్భ రైలు వచ్చి జనం వీధి మీదుగా వెళ్లడం తగ్గినందువల్లా గిరాకీ కోల్పోయారు. స్వచ్ఛందంగా ఇచ్చేవారు ఇస్తుంటే, ఇవ్వనివారి దుకాణాల ముందూ అవే దీపాలు వెలిగేవి. అందరూ వాటా పెట్టేలా చట్టబద్ధమైన ఏర్పాటు కావాలని వారే కోరారు. 1970లో అక్కడ ఏర్పడినదే ప్రపంచంలో ఈ తరహా మొదటి ప్రాంతం.

ఇక రెండో పన్ను అన్న ఆరోపణ. పన్ను ఖజానాకు చేరాక ఏ పేటకు ఎంత దక్కుతుందో కట్టినవారి చేతిలో ఉండదు. బిడ్ రుసుము మాత్రం ఆ వాణిజ్య ప్రాంతం కోసమే ఖర్చు కావాలి. ఇంగ్లండ్ నిబంధనలు మరో జాగ్రత్త కూడా తీసుకున్నాయి: బిడ్ ఏర్పాటు కోసం వ్యాపారుల ఓటింగ్‌కు పెట్టే ప్రతిపాదనలోనే, స్థానిక సంస్థ అప్పటికే అందిస్తున్న సేవల వివరం ఉండాలి. వీధి వారానికి ఎన్నిసార్లు ఊడుస్తున్నారో ముందే కాగితం మీదికి ఎక్కితే, రేపు ఆ పని తగ్గించి భారం వ్యాపారుల మీదికి నెట్టినప్పుడు నిలదీయడానికి ఆధారం దొరుకుతుంది. అలాంటి పత్రం లేని చోట మాత్రం ఈ అనుమానం న్యాయమైనదే, ఆ పత్రం కోసం వ్యాపారులు గట్టిగా పట్టుబట్టాలి.

పెద్ద సంస్థల పెత్తనం గురించి చెప్పేవారు అక్కడి ఓట్ల లెక్కింపును పట్టించుకున్నట్టు లేదు. ఇంగ్లండ్‌లో ప్రతిపాదన నెగ్గాలంటే ఓటు వేసినవారిలో సంఖ్యాపరంగానూ, వారి స్థలాల పన్ను మదింపు విలువలోనూ, రెండింటా మెజారిటీ రావాలి. మొత్తం విలువలో సగానికి మించి చేతిలో ఉన్న పది పెద్ద దుకాణాలు ఔనన్నా, అరవై చిన్న దుకాణాలు కాదంటే అది వీగిపోతుంది. పైగా గడువు అయిదేళ్లకు మించదు; మళ్లీ ఓటు నెగ్గకపోతే రుసుము ఆగిపోతుంది. మామూలు పన్నులకు ఇలాంటి గడువు ఉంటుందా?

నేరాల విషయం తేలికగానే తేలుతుంది. లాస్ ఏంజిలిస్ బిడ్‌లపై జరిగిన పరిశోధనల్లో ఆ ప్రాంతాల్లో నేరాలు తగ్గినట్టు తేలింది. అవి పక్క ప్రాంతాలకు తరలిపోయాయనడానికి చెప్పుకోదగ్గ ఆధారం దొరకలేదు. ఒకప్పుడు మాదకద్రవ్యాల అమ్మకాలకు పేరుపడి, తర్వాత బిడ్ నిర్వహణలోకి వచ్చిన న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కులో, లోపల జరిగేది వీధికి కనబడకుండా చేసిన కంచెలనూ పొదలనూ తొలగించారు, ప్రవేశమార్గాలను వెడల్పు చేశారు, ఎవరికి వారు జరుపుకోగల కుర్చీలు వేశారు. 1992లో తిరిగి తెరిచిన ఆ పార్కు మామూలు జనంతో నిండింది. జనం తిరిగే చోట దొంగచాటు వ్యాపారం నిలవడం కష్టం.

ఈ వాదనలో లేని అసలు అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు: అది అద్దె. ఇంగ్లండ్‌లో రుసుము కట్టేది సాధారణంగా ఆ స్థలంలో వ్యాపారం చేసుకునేవారు. న్యూయార్క్‌లో యజమానుల మీద వేస్తారు, కానీ లీజు షరతుల ద్వారా అది తరచుగా అద్దెదారుకే చేరుతుంది. అక్కడి పెద్ద బిడ్‌లలో వాణిజ్య ఆస్తుల విలువ పెరిగిందని పరిశోధనలు చూపాయి. ఆ లాభం యజమానిది, పెరిగే అద్దె చిన్న వ్యాపారిది. కాబట్టి ప్రతిపాదన తయారయ్యేటప్పుడే అద్దెదారులకు ఓటూ, పాలకమండలిలో తగినన్ని స్థానాలూ, ఒక స్థాయి కంటే చిన్న దుకాణాలకు రుసుము మినహాయింపూ రాయించుకోవాలి.