తువ్వాలు నమిలే ఆవుకు డాక్టరు పట్టా ఇవ్వాలి

దండెం మీది తువ్వాలు లాక్కుని నమిలే ఆవుకు ప్రభుత్వం వెంటనే డాక్టరు పట్టా ఇవ్వాలి. రక్తపరీక్ష లేకుండానే తన ఒంట్లో భాస్వరం తగ్గిందని తేల్చేసింది. మట్టి నాకి, ఎముక ముక్క కొరికి చీటీ కూడా రాసిచ్చింది. మనం మాత్రం దిష్టి తగిలిందని మెడలో నల్లతాడు కడతాం.

రోగానికి మూలం ఎదురుగా గాడిలోనే ఉంది: వరిగడ్డి. దాంట్లో భాస్వరం బొత్తిగా తక్కువ, ఉన్న కాస్త కాల్షియాన్నీ గడ్డిలోనే ఉండే ఆక్సలేట్లనే లవణాలు పట్టుకుని వదలవు. తవుడులో భాస్వరం దండి, కాల్షియం సున్నాకి దగ్గర. కోతల ముందు చేలో పిల్లిపెసర అనే పప్పుజాతి పశుగ్రాసం చల్లితే కొంత నయం. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు గానీ దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలిపే పని మనకే వదిలేశాడు. పెద్దావుకి రోజుకు 50 గ్రాములు, ఇంకో 30 గ్రాముల ఉప్పు. కిలో ప్యాకెట్టు 20 రోజులొస్తుంది. ప్యాకెట్టు మీద ఐ.ఎస్. 1664 (పశువుల ఖనిజ మిశ్రమానికి భారతీయ ప్రమాణం) ముద్ర, కాల్షియం 20 శాతం, భాస్వరం 12 శాతం ఉన్నాయో లేవో చూసుకుంటే చాలు. ఇంత చవక వైద్యం మన హోదాకు తగునా?

అందుకే క్యాన్లలో వచ్చే కాల్షియం టానిక్ కొంటాం. అదీ చూడి ఆవుకి, సరిగ్గా ఈనబోయే మూడు వారాల ముందు. నోటి దారిన కాల్షియం పుష్కలంగా వస్తుంటే, ఎముకల్లోంచి దాన్ని తీయించే పారాథైరాయిడ్ గ్రంథి హాయిగా నిద్రపోతుంది. ఈనగానే పది లీటర్ల జున్నుపాలతో 23 గ్రాముల దాకా కాల్షియం పోతుంది. రక్తంలో ఉండేదేమో మూడు గ్రాములు. గ్రంథి ఆవలించి లేచేలోగా ఆవు కూలబడుతుంది.

మూడో ఈత దాటిన జెర్సీ ఆవు, ఈనిన రెండు రోజుల్లోపు, మెడ డొక్కవైపు మడిచి పడుకుందంటే పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గనక జ్వరం మాత్ర వేస్తాం; చెవులు ముట్టుకుంటే చన్నీళ్లలో ముంచినట్టుంటాయి. తర్వాత ముగ్గురు కలిసి నోరు పెగల్చి బెల్లం నీళ్లు పోస్తారు. మింగే సత్తువ లేని గొంతు, నీళ్లు సరాసరి ఊపిరితిత్తులకే. డాక్టరొచ్చి 450 మి.లీ. కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాను గోరువెచ్చ చేసి, గుండె చప్పుడు వింటూ, 15, 20 నిమిషాలు పట్టేలా నరంలోకి ఎక్కిస్తుంటే, "ఏంటండీ ఈ నత్తనడక, సీసా పైకెత్తండి" అని గుమ్మం నుంచి సలహా. ఆయ్, ఎత్తొచ్చు, గుండె ఆగిపోతుందంతే. సలహాకి పదిమంది ఉంటారు. ఆవు పక్కకి ఒరగకుండా అటొకటీ ఇటొకటీ గడ్డి బస్తా ఆనించేవాడు ఒక్కడుండడు.

ఆవు త్రేన్చి, పేడ వేసి, వణుకుతూ లేస్తుంది. ఆ సంబరంలో పొదుగులో చుక్క మిగలకుండా పిండేస్తాం. సాయంత్రం మళ్లీ డాక్టరుకి ఫోను.

పోయినేడు కొన్న మిశ్రమం ప్యాకెట్టు ఇంకా పాక చూరులోనే ఉంది, గోదారి తేమకి గడ్డకట్టి. ఆవు తలెత్తి దాన్నే చూస్తోంది. దండెం మీద తువ్వాళ్లయిపోయాయి మరి.