ఆ చిన్న చెట్టు ఎవరికి నచ్చింది?

'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' 1965 డిసెంబర్ 9న అమెరికాలో సీబీఎస్ చానల్లో మొదటిసారి వచ్చింది. చార్లెస్ షుల్జ్ 'పీనట్స్' కామిక్ స్ట్రిప్‌లోని పిల్లలతో తీసిన పాతిక నిమిషాల స్పెషల్ అది. పండగ వచ్చినా మనసు బాగోని చార్లీ బ్రౌన్‌ని పిల్లలు వేసే క్రిస్మస్ నాటకానికి డైరెక్టర్‌ని చేస్తారు. స్టేజీకి చెట్టు తెమ్మంటే, అప్పట్లో ఫ్యాషన్‌గా ఉన్న అల్యూమినియం చెట్లను వదిలేసి, అందరూ నవ్వేంత బక్క మొక్కను తెస్తాడు. దీని మీద వాదించుకుంటున్నది ఒక అక్క, ఒక తమ్ముడు. ఆవిడ చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. అతను యానిమేషన్ స్టూడియోలో స్టోరీబోర్డులు, అంటే సీన్ల వరస చూపించే బొమ్మలు గీస్తాడు.

తమ్ముడు: ముందే చెప్పేస్తున్నానక్కా, ఇది చెత్త అని నేననడం లేదు. ఎమ్మీ అవార్డు వచ్చింది, పీబడీ అవార్డు వచ్చింది, అరవై ఏళ్ళుగా జనం చూస్తూనే ఉన్నారు. అంతమాత్రాన లోపాల్లేవంటే మాత్రం ఊరుకోను. ఆ చెట్టునే తీసుకో. కథంతా దాని చుట్టూనే కదా! దానికి ఒక షాట్‌లో ఉన్నన్ని రెమ్మలు ఇంకో షాట్‌లో ఉండవు. మా స్టూడియోలో అలా గీస్తే బోర్డు వెనక్కి వచ్చేస్తుంది.

అక్క: రెమ్మలు లెక్కపెట్టుకుంటూ చూశావన్నమాట. ఒరేయ్, వాళ్ళకు దొరికిన టైమే ఆరు నెలలు. ప్రసారానికి కొద్దిరోజుల ముందుగానీ పని పూర్తవలేదు.

తమ్ముడు: చూసేవాడికి తెర కనిపిస్తుంది గానీ వాళ్ళ టెన్షన్ కనిపించదుగా. నాటకం రిహార్సల్ మానేసి పిల్లలు స్టేజీ మీద డాన్స్ చేసే సీన్ చూడు. ఒకడు తల వెనక్కి వాల్చి ఊగుతాడు, ఒకడు భుజాలు ఎగరేస్తాడు, ఊదారంగు గౌన్ల కవలలు తలలు అటూ ఇటూ తిప్పుతారు. ఒక్కొక్కరికి ఒక్కటే కదలిక, దాన్నే తిప్పి తిప్పి వేశారు. డబ్బూ టైమూ లేనప్పుడు ఎవరైనా చేసే పనే అది.

అక్క: కారణం అదే కావచ్చు. కానీ ఫలితం చూడు. అక్కడ ఎవడి గోల వాడిది, పక్కవాడు ఏం చేస్తున్నాడో ఒక్కడూ చూడడు. డైరెక్టర్‌గా వచ్చినవాడు గొంతు చించుకుంటున్నా పట్టించుకునే దిక్కులేదు. మా క్లాసులో సోమవారం పొద్దున ఉండేది సరిగ్గా అదే. ప్రతి పిల్లకూ రకరకాల స్టెప్పులు గీసి ఉంటే ఆ నిజం పోయేది.

తమ్ముడు: ఇదే నాకు నచ్చదు. లోపం కనిపించగానే దానికో అర్థం అంటగట్టేసి గొప్పతనం చేసేస్తారు. ఆ లెక్కన ప్రపంచంలో చెడ్డ యానిమేషనే ఉండదు! అయినా నేను బొమ్మను తక్కువ చేయడం లేదు. పేపర్లో కదలకుండా ఉండటానికి గీసిన పిల్లలు వాళ్ళు. పెద్ద తల, చేయెత్తితే నడినెత్తికి అందని పొట్టి చేతులు. ఆ తలను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడమే గండం. దర్శకుడు బిల్ మెలెండెజ్ అంతమాత్రం నడిపించాడంటే అది పనితనమే. కానీ పొందిక లేదు, అంతే.

అక్క: సరే, బొమ్మ నీకు వదిలేస్తా. గొంతుల సంగతి చెప్పు. ఆ రోజుల్లో కార్టూన్లలో పిల్లల పాత్రలకు ఎక్కువగా పెద్దవాళ్ళే గొంతు మార్చి మాట్లాడేవాళ్ళు. ఇక్కడ పిల్లలే మాట్లాడారు, వాళ్ళలో చాలామందికి నటన కొత్త. చార్లీ చెల్లెలు శాలీకి గొంతిచ్చిన పాపకైతే ఇంకా చదవడమే రాదు. ముక్కముక్కగా పలికించి అతికారు. శాంటాకి ఉత్తరం రాయిస్తూ, బహుమతులు పంపడం కష్టమైతే డబ్బే పంపమంటుంది, అదీ పదులూ ఇరవైలూ. అన్న నోరెళ్ళబెడితే, నాకు రావాల్సిందే కదా అడిగానంటుంది. ఆ మాటలో దురాశ లేదు, ఆ పాపకు అది మామూలు లెక్క. పెద్ద నటి ఎవరైనా పలికితే అక్కడ తెలివితేటలు కనిపించేవి.

తమ్ముడు: శాలీ సీన్‌కి నేనూ నవ్వాను. కానీ ఆ అతుకులు వినిపిస్తాయి. కొన్ని వాక్యాలు మధ్యలో ఆగి, ఊపిరి లేనట్టు మళ్ళీ మొదలవుతాయి.

అక్క: పిల్లలు ఆగి ఆగే మాట్లాడతారు. ఇంకో సంగతి. నిర్మాత లీ మెండెల్సన్ నవ్వుల ట్రాక్ పెడదామన్నాడు, షుల్జ్ ఒప్పుకోలేదు. దాంతో ఎక్కడ నవ్వాలో ఎవరూ చెప్పరు. ఐదు సెంట్లు తీసుకుని మానసిక వైద్యం చేసే లూసీ, ఆ నాణేన్ని డబ్బాలో గలగలలాడించి మురిసిపోతుంటే ఎదురుగా చార్లీ దిగాలుగా కూర్చుంటాడు. అక్కడ నవ్వులు వినిపించి ఉంటే వాడి దిగులు జోక్ అయిపోయేది. బాధపడుతున్న పిల్లాడిని అలా బాధపడనిచ్చిన కార్యక్రమం ఎన్ని చూశావు?

తమ్ముడు: ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. చానల్ వాళ్ళకు అదే నచ్చలేదు, నత్తనడక అన్నారు. విన్స్ గ్వరాల్డీ జాజ్ కూడా పిల్లల కార్యక్రమానికి నప్పదన్నారు. సంగీతం గురించి వాదనే లేదులే, సగం బరువు మోసింది ఆ పియానోనే. నా అసలు గొడవ ముగింపుతో.

అక్క: చార్లీ స్నేహితుడు లైనస్ బైబిల్ చదవడమా?

తమ్ముడు: ఆ సీన్ తీసిన తీరు కాదు. ఖాళీ స్టేజీ, ఒక లైటు, ఎప్పుడూ దుప్పటి వదలని వాడు "భయపడకుడి" అన్న మాట దగ్గర దాన్ని జారవిడుస్తాడు. గొప్పగా తీశారు. మతం సంగతి టీవీలో వద్దని తోటివాళ్ళు భయపడుతున్నా షుల్జ్ పట్టుబట్టాడు, ధైర్యమే. కానీ ధైర్యం వేరు, కథ వేరు. పిల్లాడు నాకెందుకిలా ఉంది అని అడిగాడు. సమాధానంగా లూకా సువార్త వినిపించారు. ఆ విశ్వాసం ఉన్న ఇంటి పిల్లకు అది సరిపోతుంది. లేని ఇంటి పిల్లకు?

అక్క: అది క్రిస్మస్ కథరా, క్రిస్మస్ అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా అని వాడే కదా అరిచాడు! పైగా ఆ మాటలు విన్నంత మాత్రాన వాడి దిగులు తీరిపోలేదు. ధైర్యంగా చెట్టు పట్టుకుని బయటికెళ్ళి, ఒక్క ఎర్ర బంతి తగిలించగానే కొమ్మ వంగిపోతే, దీన్ని చంపేశానని వెళ్ళిపోతాడు. ఉపన్యాసం పని చేయలేదు.

తమ్ముడు: మంచిది, అక్కడి నుంచే పట్టుకుందాం. తర్వాత పిల్లలొస్తారు. అలంకరణ పోటీలో ఫస్ట్ ప్రైజ్ కొట్టిన చార్లీ కుక్క స్నూపీ ఇంటి అలంకారాలన్నీ పీకి ఆ మొక్కకు తగిలిస్తారు. క్షణంలో అది గుబురుగా, మెరుస్తూ తయారవుతుంది. పండగ వ్యాపారమైపోయిందని పాతిక నిమిషాలు బాధపడి, చివరికి ఆ వ్యాపారపు తళుకులే తెచ్చి చెట్టుని బతికించారు! పైగా డబ్బు పెట్టింది కోకా కోలా, మొదట్లో దాని పేరు కూడా తెర మీద ఉండేది, తర్వాత తీసేశారు. అన్నిటికంటే, లూసీ ఏమంటుంది? చార్లీ మొద్దే గానీ చెట్టు మాత్రం బాగుందని! బక్కగా ఉన్నప్పుడు అది ఎవరికీ నచ్చలేదక్కా.

అక్క: లైనస్‌కి నచ్చింది. వరస చూడు. ఇది మరీ అంత చెడ్డ చెట్టేం కాదు, కాస్త ప్రేమ చూపిస్తే చాలేమో అని ముందు అంటాడు. దుప్పటి తీసి మొదలుకు చుడతాడు. అలంకారాలు ఆ తర్వాతే.

తమ్ముడు: ఒక్కడికి నచ్చింది. మిగతావాళ్ళు? వాణ్ణి చేతకానివాడివని ముఖం మీదే అన్నవాళ్ళు. ఒక్కరైనా సారీ చెప్పారా?

అక్క: పిల్లలు చెప్పరురా. కొట్టుకున్నవాళ్ళను నిలబెట్టి సారీ చెప్పిస్తాం చూడు, అది మా కోసం. పొద్దున పెన్సిల్ లాక్కున్నవాడు మధ్యాహ్నం వచ్చి వీడి బ్యాగ్ మోస్తాడు, అంతటితో సరి. ఈ పిల్లలూ అదే చేశారు. నోటితో ఏమీ అనకుండా, వాడు వదిలేసి వెళ్ళిన పనిని తలా ఒక చెయ్యి వేసి పూర్తి చేశారు.

తమ్ముడు: దుప్పటి దగ్గరే ఆపేస్తే? చెట్టు నిలబడింది, చాలుగా. తళుకులతో పనేముంది?

అక్క: అప్పుడు లైనస్ ఒక్కడే మంచివాడవుతాడు, మిగతా అందరూ నిలబడి చూస్తుంటారు. వాళ్ళ చేతులకు పని కావాలి. అందుబాటులో ఉన్నవి స్నూపీ ఇంటి దీపాలు.

తమ్ముడు: చేతులకు పని అన్నది ఒప్పుకుంటా. గుబురుగా మారిపోవడం మాత్రం ఒప్పుకోను. అవే దీపాలు తగిలించి, మొక్కను బక్కగానే గీసి ఉండాల్సింది. గీసేవాడిగా చెబుతున్నా, అదేమీ కష్టం కాదు.

అక్క: గీస్తే లూసీ డైలాగు మార్చాలి మరి.

తమ్ముడు: మార్చాల్సిందే. నేనడుగుతున్నదీ అదే.