పొలమారడం గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ పొలమారడం అనే క్రియ గారికి, నెల్లూరు మూలాపేట నుంచి ఒక బాధితుడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, తమరు దయచేసిన చోట కుశలం ఎక్కడిది?

మొన్న ఆదివారం మా ఇంటికి వేంచేశారు. ముందురోజు కాచిన చేపల పులుసు, మామిడికాయ ముక్క బాగా ఊరి ఉంది. రెండో ముద్ద నోట్లో ఉండగానే బావమరిదితో క్రికెట్ మీద వాదానికి దిగాను. అదే నా నేరం. మింగేటప్పుడు గాలిగొట్టం మీద మూత పడాలి, మాట్లాడేటప్పుడు తెరుచుకోవాలి. రెండు పనులూ ఒకేసారి పురమాయిస్తే ఆ మూత మాత్రం ఏం చేస్తుంది పాపం! పులుపూ కారమూ ముక్కుల్లోకెక్కి కళ్ళు ఎర్రబడ్డాయి.

మా అమ్మ నెత్తిన తడుతూ "ఎవురో తలుచుకుంటుండారబ్బయ్యా" అంది. ఆ మనిషి పేరు చెబితే తగ్గిపోతుందని ఆమె నమ్మకం. కావలి పెద్దక్క, గూడూరు చిన్నమామ, ఒంగోలు పిన్ని... చుట్టాల జాబితా అంతా చదివింది. తగ్గలేదు. "చీటీలాయనేమో" అనగానే దగ్గు ఆగింది. ఆయనకు రెండు నెలల వాయిదా బాకీ.

(నెత్తిన తట్టినందువల్ల గొంతులో ఏదీ కదలదు. దగ్గగలిగితే దగ్గనివ్వాలి. దగ్గూ మాటా రెండూ ఆగిపోతే మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెక్కల ఎముకల మధ్య అయిదుసార్లు గట్టిగా చరచాలి. అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. ఈ నొక్కుడు సంగతి హైమ్లిక్ అనే డాక్టరు 1974లోనే రాశాడు. మా వీధి దాకా ఇంకా రాలేదు.)

తమరి చుట్టాల్లో కొందరికి ముద్దతో పనే లేదు. అక్కను అత్తారింటికి పంపిన రోజు నా గొంతు పూడుకుపోయింది, నోట్లో ఏమీ లేదు. వార్డు మీటింగులో మురిక్కాలవ గురించి అడగబోతే గొంతు నొక్కేశారు, మెడ మీద ఎవరి చెయ్యీ పడలేదు. వాళ్ళతో నాకు పేచీ లేదు.

పేచీ తమరితోనే. ఇంటి కాగితాల్లో పేరు మార్చడానికి ఒక ఆఫీసులో గుమాస్తా నా రెండు వేలు మింగాడు. టీ తాగుతూ, ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతూ మింగాడు! ఒక్క దగ్గు లేదు. గుడిని మింగేవాడొకడైతే గుళ్ళో లింగాన్ని కూడా మింగేవాడు ఇంకొకడంటారు, వాళ్ళ సంగతి తర్వాత. ముందు ఈ రెండు వేలవాడి సంగతి చెప్పండి. తలుచుకుంటే పొలమారుతుందంటారే, పోయిన నెల నుంచి పూటకు నాలుగుసార్లు తలుచుకుంటున్నాను. ఆరోగ్యం దివ్యంగా ఉంది ఆయనకి.

ఆయన సరిగ్గా ఒంటిగంటకు క్యారియర్ విప్పుతాడు. రేపు ఆ టైముకి మా ఇంటిల్లిపాదీ కూర్చుని తలుచుకుంటాం. తమరు తప్పక దయచేయగలరు. మెతుకంత చాలు, ప్రాణం మీదికి వద్దు.

ఇట్లు,
చీటీ బాకీదారు