‘అంతా బాగానే ఉంది’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘అంతా బాగానే ఉంది’ గారికి,

మల్కాజిగిరి నుంచి ఒక భర్త రాసుకునే ఉత్తరం. ‘ఇచ్చట మేమంతా క్షేమం’ అని మొదలుపెడదామనుకున్నాను కానీ, ఆయన మీ తాతగారే కదా, మీ ఇంటి సరుకు మీకే అమ్మడం ఎందుకని ఆగిపోయాను.

మా ఆవిడది బ్యాంకు ఆడిట్. ఏడాదిలో సగం రోజులు క్యాంపులే. పరాయి ఊళ్ల బ్రాంచీల్లో కూర్చుని, మేనేజరు ‘అంతా కరెక్టుగానే ఉంది మేడమ్’ అన్న చోటే వేలు పెట్టి తప్పు బయటికి లాగుతుంది. అలాంటి మనిషికి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో మిమ్మల్ని అప్పజెబుతున్నాను చూడండి, నా ధైర్యమే ధైర్యం.

ఈసారి నాగ్‌పూర్, మూడు వారాలు. సికింద్రాబాద్‌లో రైలెక్కించి వచ్చాను. దాదాపు 580 కిలోమీటర్ల దారిలో సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి బల్లార్షా వైపు బండి వెళ్తూ ఉంటుందనగా ఇక్కడ అమ్మ బాత్రూమ్‌లో జారింది. మణికట్టు బూరెలా ఉబ్బింది. ఎక్స్‌రే తీయించాను, విరగలేదు, బెణికిందన్నారు, కట్టు కట్టించి ఇంటికి తెచ్చాను. రాత్రి ఆవిడ ఫోన్ చేసి ‘దిగాను, ఇంట్లో ఎలా ఉన్నారు?’ అంది. నా నోట్లోంచి మీరు ఊడిపడ్డారు.

‘బాగానే అన్నారేంటి?’

‘బాగానే ఉన్నాం కాబట్టి.’

‘బాగుంటే బాగున్నాం అంటారు. మధ్యలో ఆ ‘నే’ ఎందుకొచ్చింది? సరే, ఎక్స్‌రేకి ఆరొందలు కట్టారు కదా, అదెవరి ‘నే’?’

మాది జాయింట్ అకౌంట్ అని, మెసేజ్‌లు వెళ్లేది ఆవిడ ఫోన్‌కని నాకు అప్పుడు గుర్తొచ్చింది. దారిలో నా కాల్ ఒక్కటీ కలవలేదు కానీ బ్యాంకు మెసేజ్‌కి మాత్రం సిగ్నల్ దొరికింది.

అసలు తప్పంతా మీ నడుములో ఉన్న ఆ ‘నే’ది. పెళ్లిచూపుల నుంచి వచ్చి ‘అమ్మాయి బాగుంది’ అంటే ముహూర్తం చూడమని. ‘అమ్మాయి బాగానే ఉంది’ అంటే పేరయ్యకి మళ్లీ ఫోన్ చేయమని. కూర బాగుంటే ఇంకో గరిటె వేస్తారు, బాగానే ఉంటే ఉప్పు డబ్బా జరుపుతారు. ఇంత బాహాటంగా అబద్ధమని చెప్పేసే అబద్ధం ఇంకే భాషలోనైనా ఉందో లేదో గానీ, మనవాళ్లు మాత్రం తరాలుగా దాంతోనే కాపురాలు నెట్టుకొస్తున్నారు.

మా నాన్న క్యాంపులకెళ్లే రోజుల్లో మీకో న్యాయమైన పని ఉండేది, కాదనను. నాకు టైఫాయిడ్ వస్తే అమ్మ ఇన్‌లాండ్ లెటర్‌లో ‘అందరం క్షేమం’ అనే రాసింది. ఉత్తరం చేరేసరికి నాలుగు రోజులు, ఆలోపు జ్వరం దిగకపోతుందా అని. టెలిగ్రామ్‌కి మాటల లెక్కన డబ్బులు, ఎస్‌టీడీ బూత్‌లో రాత్రి పదకొండు దాటాక పావు చార్జీకి లైన్లో నిలబడినా ఎదురుగా ఎర్ర అంకెలు పరిగెడుతుంటే అన్నీ ఎక్కడ చెప్తాం, మీతోనే సరిపెట్టేవాళ్లం. 2013 జులైలో టెలిగ్రామ్ కన్నుమూసింది. బూత్‌లు జిరాక్స్ సెంటర్లయ్యాయి. ఇప్పుడు గంటసేపు ముఖాలు చూసుకుంటూ మాట్లాడినా పైసా తేడా రాదు. అయినా మీరు రిటైర్ కాలేదు!

రెండో వారం అపార్ట్‌మెంట్ మోటారు కాలింది. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, సంపులో నీళ్లుండీ పైకెక్కక రెండు రోజులు మూడో అంతస్తుకి బిందెలు మోశాం. మావాడికి లెక్కల్లో ఇరవై అయిదుకి తొమ్మిది. వంటింటి సంగతి వదిలేయండి. వీడియో కాల్‌లో వెనక అదంతా కనబడకూడదని దేవుడి పటాల ముందు చేరి మిమ్మల్ని జపించాను. మూడో రోజు ఆవిడ ‘ఇంత భక్తి ఎప్పుడొచ్చింది? ఫోన్ కొంచెం సింకు వైపు తిప్పండి’ అంది.

ఇంతవరకూ నా నేరాలు. కానీ మొన్న పాలవాడి లెక్క చూద్దామని అకౌంట్ తెరిస్తే, నాగ్‌పూర్‌లో ఏదో మెడికల్ షాపు, 310. మర్నాడు మళ్లీ అదే షాపు, 280. ఆ మర్నాడు క్లినిక్, 500. ఆ మూడు రాత్రులూ నేను అడిగాను, ‘నాకేం, బాగానే ఉన్నా, కమలాలు తెస్తున్నా’ అని ఆవిడ నవ్వుతూనే చెప్పింది, నేను నమ్మి హాయిగా పడుకున్నాను! మీరు అక్కడ కూడా డ్యూటీ చేస్తున్నారని నాకు తట్టనే లేదు. లాడ్జి గదిలో ఒక్కతే జ్వరంతో పడుకుని, నేను బిందెలు మోస్తున్నానని బెంగపడిందట.

వెంటనే ఫోన్ చేశాను. ‘మూడొందల పది. ఎవరిది?’ అన్నాను, అచ్చం ఆవిడ గొంతులాగే.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘అత్తయ్య కట్టు విప్పారా?’ అంది.

ఆదివారం సికింద్రాబాద్‌లో దిగుతోంది. స్టేషన్‌కి నేనే వెళ్తున్నాను. మీరు మాత్రం రాకండి. బండి మీద ఇద్దరికే చోటు, మధ్యలో కమలాల సంచి కూడా ఉంటుంది.

ఇట్లు,
జాయింట్ అకౌంట్‌లో రెండో పేరు