వజ్రాలు మోసిన ట్యాంకరు

ఈ ఉదయం నా నవల తిరిగి వచ్చింది. పధ్నాలుగు నెలలు తమ దగ్గర ఉంచుకున్న సంపాదకుల వారు, దానితోపాటు అర పేజీ ఉత్తరం కూడా దయచేశారు. శైలి బాగుందట, అయితే రెండు చిక్కులున్నాయట. చమురు, దౌత్యం తెలుగు పాఠకుడికి దూరపు విషయాలన్నది మొదటిది. చంపమని పంపిన హంతకుడు, చంపవలసిన మంత్రిని ఎదురుగా కూర్చోబెట్టుకొని, పంపినవాళ్ల మాటకూ సొంత లెక్కకూ మధ్య ఊగిసలాడి, చివరికి ప్రాణాలతో వదిలేసి రావడాన్ని ఎవరూ నమ్మరన్నది రెండవది. ఉత్తరం చదివేలోపు కాఫీ చల్లారింది గానీ, నేను ఇంకా చల్లారలేదు.

నమ్మరట! 1975 డిసెంబరు 21, ఆదివారం నాడు ఆస్ట్రియా రాజధాని వియన్నాలో, చమురు ఎగుమతి దేశాల సంఘమైన ఒపెక్ కార్యాలయంలోకి ఆరుగురు తుపాకులతో చొరబడి, సమావేశంలో ఉన్న చమురు మంత్రులందరినీ బందీలుగా పట్టుకున్నారు. వాళ్ల చేతుల్లో ముగ్గురు అక్కడే చనిపోయారు. ఆ ముఠా నాయకుడు కార్లోస్. వాళ్లను పంపిన పాలస్తీనా నాయకుడు వాదీ హద్దాద్ పెట్టిన పని చాలా స్పష్టమైనది: సౌదీ మంత్రి షేక్ యమానీ, ఇరాన్ మంత్రి జంషీద్ అమూజెగార్ ఇద్దరూ చావాలి. ఆ సంగతి కార్లోస్ యమానీకి ముఖం మీదే చెప్పాడు. నీ మీద నాకు వ్యక్తిగతంగా ఏ కోపమూ లేదు గానీ, నిన్ను చంపక తప్పదన్నట్టుగా చెప్పాడు. ఆ పెద్దమనిషి కూర్చొని ఇంటివాళ్లకు వీడ్కోలు ఉత్తరం రాసుకున్నాడు. తొమ్మిది నెలల క్రితమే, మార్చి 25న, రియాద్‌లో సౌదీ రాజు ఫైసల్‌ను సొంత అన్నదమ్ముల బిడ్డే కాల్చినప్పుడు పక్కనే ఉన్న మనిషి ఈ యమానీ. ఒకే ఏడాదిలో రెండు తుపాకులు చూసిన మంత్రిని నేను కల్పించి ఉంటే, సంపాదకుల వారు "కాకతాళీయం ఎక్కువైంది" అని ఎర్ర సిరాతో కొట్టేసి ఉండేవారు.

మరి చివరికి ఏమైంది? ఆస్ట్రియా ప్రభుత్వం విమానం ఇచ్చింది, 42 మంది బందీలతో అది అల్జీర్స్ చేరింది, అక్కడి నుంచి ట్రిపోలీ వెళ్లి మళ్లీ అల్జీర్స్‌కే వచ్చింది, అల్జీరియా విదేశాంగ మంత్రి బూతెఫ్లికా మంతనాలు సాగించాడు, డిసెంబరు 23 కల్లా యమానీ, అమూజెగార్‌తో సహా అందరూ బతికి బయటపడ్డారు. డబ్బు చేతులు మారిందని అప్పటి నుంచీ చెప్పుకుంటున్నారు గానీ, ఎవరిచ్చారో, ఎంతిచ్చారో, ఎవరి జేబులోకి వెళ్లిందో నేటికీ ఏకాభిప్రాయం లేదు. చెప్పిన పని చేయనందుకు హద్దాద్ కార్లోస్‌ను తన దళం నుంచి వెళ్లగొట్టాడు. సిద్ధాంతం ఒక చెవిలో, ప్రాణభయం ఇంకో చెవిలో, డబ్బు గలగల రెండు చెవుల్లోనూ వినిపించిన మనిషి అతను. నా హంతకుడు ఇంతకంటే ఏం పాపం చేశాడు?

అన్నట్టు, ఈ కార్లోస్ అసలు పేరు ఇలిచ్ రమీరెజ్ సాంచెజ్. వామపక్ష న్యాయవాది అయిన తండ్రి లెనిన్ పూర్తి పేరును మూడు ముక్కలు చేసి, వ్లదీమిర్, ఇలిచ్, లెనిన్ అని ముగ్గురు కొడుకులకూ పంచిపెట్టాడు. వాళ్ల దేశం వెనెజువెలా. ఒపెక్‌ను 1960లో స్థాపించిన ఐదు దేశాల్లో అదీ ఒకటి. అంటే చమురు దేశపు బిడ్డ వచ్చి తన దేశపు చమురు మంత్రిని కూడా బందీ చేశాడన్నమాట. ఇక దౌత్యం ఎలా ఉంటుందో తెలియాలంటే వియన్నా విమానాశ్రయంలో తీసిన ఆ ఫొటో చూడండి: ఆస్ట్రియా హోంమంత్రి ఒట్టో రోష్ కార్లోస్‌తో కరచాలనం చేస్తున్నాడు. ముగ్గురి శవాలు ఇంకా మార్చురీలో ఉండగానే, పెళ్లివారిని సాగనంపినట్టు చేయి కలిపాడు.

ఇదంతా కూడా పోనివ్వండి. నన్ను అసలు మండించింది "దూరపు విషయం" అన్న మాట. మాది రాజంపేట వైపు ఊరు. మా వీధిలో కువైట్‌కు మనిషిని పంపని ఇల్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మా నాన్న అక్కడ డ్రైవరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిందీ చమురు తగాదాతోనే. ఇరవై ఆరు రోజులు ఆయన జాడ తెలియక మా అమ్మ రేడియో ముందు నుంచి లేవలేదు. చివరికి జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా, లక్షకు పైగా భారతీయులను తెచ్చిన ఆ ఎయిరిండియా విమానాల్లో ఒకదానిలో, చేతిలో ఒక్క సంచితో దిగాడు. బ్యారెల్ ధర ఎంతో ఊళ్లో కూర్చొని చెప్పగలిగిన ఆయనకు చమురు దూరపు విషయమని, ఏసీ గదిలో కూర్చున్న ఈ మహానుభావుడు తీర్పు చెప్పాడు.

అయినా ఈయన సంగతి నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్ల క్రితం నా కథ ఒకటి వేసుకుంటూ, "మాస్టారూ, చమురైతే పొడిపొడిగా ఉంటుంది, వజ్రాలు చేద్దాం" అని ఫోనులో అన్నారు. నేను ఔననలేదు, కాదనేలోపు ఫోను పెట్టేశారు. కథ అచ్చయ్యాక చూస్తే చమురు ఉన్న ప్రతిచోటా వజ్రాలు వెలిశాయి గానీ, ట్యాంకరు మాత్రం ట్యాంకరుగానే ఉండిపోయింది. పర్షియన్ గల్ఫ్ నుంచి రెండు లక్షల టన్నుల వజ్రాలు ట్యాంకరులో బయలుదేరాయి. అంతటి ఓడను వజ్రాలతో నింపవలసిన అవసరం ఏమొచ్చిందని అనంతపురం నుంచి ఒక పాఠకుడు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని నాకు పంపించి, "సమాధానం మీరే ఇవ్వండి" అన్నారు ఈ సంపాదకుల వారే.

నవలను రేపు ఉదయం స్పీడ్ పోస్టులో మరొక పత్రికకు పంపుతున్నాను. ట్యాంకరు అన్న మాట వచ్చే పదకొండు పుటల్లోనూ అంచున "ఇందులో చమురే ఉంది" అని పెన్సిలుతో రాసి పెట్టాను.