‘అమ్మకానికి ఇల్లు’ ప్రకటన గారికి

ప్రకటన గారూ, నమస్కారాలు.

మీరు అబద్ధం ఆడరు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, లేకపోతే మీ తరఫు బ్రోకరు గారు నొచ్చుకుంటారు. మీరు చెప్పే ప్రతి ముక్కా నిజమే. కాకపోతే, మీరు చెప్పకుండా వదిలేసిన వాటితోనే మేం కాపురం చేయాలి.

పెద్ద నగరంలో మా బడ్జెట్ వినగానే బ్రోకర్లు మర్యాదగా నవ్వేవారు. ఇక్కడ ఇళ్లు చవక అన్నారు, మూటాముల్లె సర్దుకుని వచ్చేశాం. ఇక్కడ ఎవరూ నవ్వరు. ‘మీ బడ్జెట్‌లోనే ఉన్నాయండీ’ అంటూ మిమ్మల్ని మా చేతిలో పెడతారు. (చవకని వచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారనీ, అందుకే రేట్లు నెలనెలా పెరుగుతున్నాయనీ తర్వాత తెలిసింది. మీరు దాన్ని ‘వేగంగా అభివృద్ధి చెందుతున్న ప్రాంతం’ అంటారు.)

ముందు మీ ఫొటోల సంగతి. మీరు చూపించిన హాలు చూసి, సోఫా ఏ గోడకు వేయాలా అని ఇంట్లో అందరం వాదులాడుకున్నాం. వెళ్లి చూస్తే సోఫా వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరవాలంటే సోఫా ఉండకూడదు. ఇంటికొచ్చి ఫొటో మళ్లీ తీసి చూశాను. అంచున ఉన్న గుండ్రటి స్టూలు కోలగా సాగిపోయి ఉంది. వైడ్ యాంగిల్ లెన్సు మహిమ అది. మధ్యలో గదిని విశాలం చేస్తుంది, అంచుల్లో వస్తువుల్ని సాగదీస్తుంది. అప్పటినుంచి మీ ఫొటోల్లో గదుల్ని చూడటం మానేశాను, స్టూళ్లు, గడియారాలే చూస్తున్నాను. అవి గుండ్రంగా ఉంటేనే బయల్దేరుతున్నాను. బాత్రూం ఫొటో మాత్రం ఎక్కడా దొరకదు. బాల్కనీలోంచి కనిపించే సూర్యాస్తమయం మూడు కోణాల్లో ఉంటుంది, సూర్యుణ్ణి కూడా రిజిస్ట్రేషన్ చేసిస్తున్నట్టు.

తర్వాత కొత్త రంగు. ఇల్లంతా పాత రంగే, ఒక్క గోడకే కొత్తది, అదీ కింద నాలుగడుగుల మేర. ఇంత శ్రద్ధ ఆ ఒక్క గోడ మీదే ఎందుకని అడిగితే బ్రోకరు గారు కిటికీలోంచి చెట్టు చూపించారు. చెట్టు బాగుంది. కానీ గోడలో చెమ్మ ఉంటే రంగు దాన్ని కొన్నాళ్లే దాస్తుంది. నీరు ఆరుతూ లోపలి లవణాలను పైకి తెస్తుంది, అవి తెల్లటి పొడిగా రాలుతాయి, రంగు పెచ్చులూడుతుంది. అంతలోపు సంతకాలు అయిపోతాయని మీ ధీమా.

మీ ధర గురించి కూడా ఒక మాట. 1987లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నార్త్‌క్రాఫ్ట్, నీల్ అనే పరిశోధకులు అమెరికాలోని టూసాన్‌లో ఒకే ఇంటిని పలువురికి చూపించారు. కాగితం మీద అడిగే ధర మాత్రం కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ వేసి ఇచ్చి, విలువ కట్టమన్నారు. విద్యార్థులే కాదు, ఇళ్లమ్మే ఏజెంట్లు కూడా తమకిచ్చిన ధర వైపే ఒరిగారు. ఆ ధరను లెక్కలోకి తీసుకున్నామని ఒప్పుకున్న ఏజెంట్లు మాత్రం తక్కువే. వాళ్లే అలా ఒరిగితే నా బేరం ఎంత? అందుకే ఇప్పుడు మీ ధర చూడకముందే, నేను ఎంత ఇస్తానో కాగితం మీద రాసుకుంటున్నాను. మీకు అది అవమానంగా ఉంటుందని తెలుసు.

‘అద్దె డబ్బుతోనే సొంతిల్లు’ అని కింద ఒక లైను కూడా వేస్తారు. 9 శాతం వడ్డీతో 20 ఏళ్ల అప్పు తీసుకుంటే, మొదటి నెల ఈఎంఐలో ఆరింట అయిదు వంతులు వడ్డీకే పోతాయి. మిగిలిన ఒక్క వంతే ఇంటి అసలు. రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖర్చులు, రిపేర్లు ఆ లైనులో పట్టలేదు కాబోలు, చోటు చాలక.

‘ప్రశాంత వాతావరణం’ మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. బస్సు కూడా దాన్ని భంగం చేయదు. ఆఫీసుకు పోవడానికి ముప్పావుగంట, రావడానికి ముప్పావుగంట. ఏడాదికి 250 పనిదినాలనుకుంటే 375 గంటలు, అంటే రాత్రీపగలూ కలిపి పదిహేను రోజులకు పైనే రోడ్డు మీద. చదరపు అడుగు చవకే, ఈ గంటల రేటు ఎక్కడ రాశారో కనబడలేదు.

అయినా మీరు లేకపోతే నాకు తోచదు. రాత్రి పడుకునే ముందు మిమ్మల్ని ఒకసారి స్క్రోల్ చేయందే నిద్ర పట్టదు. అందుకే, నిన్న వచ్చిన ఆ రెండు గదుల ఇల్లు చూడటానికి వస్తాను. ఆదివారం ఎండలో కాదు, మంచి వాన పడ్డ మర్నాడు. పడకగదిలో గోడకు ఆనించి ఉన్న ఆ పెద్ద బీరువాను మాత్రం దయచేసి ముందే జరిపించి ఉంచండి.

ఇట్లు,
‘నిజంగా కొనేవారు మాత్రమే సంప్రదించగలరు’ అని మీరు పిలిచినవారిలో ఒకడు